మోనె గీసిన సముద్రపు కొండచరియలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రెంచి చిత్రకారుడు మోనె అనగానే అందరికీ కలువపూల చెరువే గుర్తొస్తుంది. ఆ బొమ్మలు అతని జీవితం చివరి భాగంలోవి. అంతకు చాలా ముందు, నలభై దాటిన వయసులో, ఫ్రాన్సు ఉత్తర తీరంలో చలిగాలికి వణుకుతూ కాన్వాసులు మోయించుకుని కొండచరియల చుట్టూ తిరిగిన కాలం ఒకటుంది. ఈ పేజీ ఆ కాలం గురించి. బొమ్మలంటే ఇష్టమే గానీ ఆర్ట్ హిస్టరీ జోలికి పోని వాళ్లు మామూలుగా అడిగే ప్రశ్నలే ఇందులో ఎక్కువ.

ఇంతకీ ఏ బొమ్మలు ఇవి?

క్లాడ్ మోనె (1840–1926) 1880ల్లోనూ, మళ్లీ 1896–97లోనూ నార్మండీ తీరంలో వేసినవి. లె హావ్ర్ రేవు దగ్గర మొదలై ఈశాన్యంగా 130 కిలోమీటర్ల దాకా సముద్రం ఒడ్డున తెల్లటి కొండలు నిటారుగా నిలబడి ఉంటాయి. ఫెకాం, ఎత్రెతా, పూర్విల్, వారాంజ్‌విల్, దియెప్ అన్నీ ఆ తీరం ఊళ్లే. మోనె 1881లో ఫెకాంలో, 1882లో పూర్విల్‌లో పనిచేశాడు. 1883 నుంచి 1886 దాకా విడతలవారీగా ఎత్రెతాకు వెళ్లొచ్చాడు. ఎత్రెతా బొమ్మలు 80 దాకా లెక్కకొస్తాయి. పూర్విల్, దాని చుట్టుపక్కల కలిపి 1882 ఒక్క ఏడాదిలోనే వంద దాకా వేశాడు.

అన్ని వేశాడు కాబట్టి అన్నీ గొప్పవే అనుకోనక్కర్లేదు. కొన్ని చూస్తే అమ్మకానికి తొందరగా లాగించేసినట్టే ఉంటాయి. బాగున్నవి మాత్రం చాలా బాగుంటాయి.

ఆ కొండలు అంత తెల్లగా ఎందుకుంటాయి?

అది సుద్దరాయి. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట ఆ ప్రాంతమంతా సముద్రం కింద ఉండేది. కంటికి ఆనని సముద్రజీవుల పెంకులు అడుగున పేరుకుని, గట్టిపడి సుద్ద అయింది. దాని మధ్యలో చెకుముకి రాయి పొరలు ముదురు గీతల్లా అడ్డంగా సాగుతాయి. సుద్ద మెత్తన, చెకుముకి గట్టి. అలలు కొండ మొదట్లో కొరుకుతుంటే పైభాగం విరిగి పడుతుంది. సుద్ద నీళ్లలో కలిసిపోతుంది, చెకుముకి ముక్కలు మాత్రం దొర్లి దొర్లి నున్నబడతాయి. ఎత్రెతా ఒడ్డున ఇసుకకు బదులు పరుచుకుని ఉండే గులకరాళ్లు అవే.

ఇదే కోత వల్ల ఎత్రెతాలో మూడు కమానులు ఏర్పడ్డాయి. ఊరికి ఈశాన్యాన ఉన్నది పోర్త్ దామోన్. నైరుతి వైపు ఉన్నది పోర్త్ దావాల్, ఏనుగు తొండం నీళ్లలో ముంచినట్టుంటుందని చెప్పుకునేది దీన్నే. దాని పక్కన సముద్రంలో విడిగా నిలబడ్డ మొనదేలిన రాతిని అక్కడివాళ్లు సూది అంటారు. ఇంకా అవతల, ఊళ్లోంచి కనబడకుండా ఉండేది మాన్‌పోర్త్. మూడింట్లో అదే పెద్దది.

బొమ్మలు వేసేవాడికి ఈ తెలుపుతో పెద్ద సౌకర్యం ఉంది. తెల్లటి రాయి మీద ఏ వెలుగు పడితే ఆ రంగు తేలిపోతుంది. మబ్బు పట్టినప్పుడు బూడిద నీలం, పొద్దెక్కాక కళ్లు చెదిరే తెలుపు, సాయంత్రం నీరెండలో గులాబీ, నారింజ. నీడ పడిన వైపు కూడా ఊరుకోదు, కింద సముద్రం నుంచి లేచిన పచ్చదనాన్ని కొంత పట్టుకుంటుంది. మోనె ఏళ్ల తరబడి ఆ తీరాన్ని పట్టుకుని వేలాడటానికి సగం కారణం ఆ రాయే.

మిగతా సగం కారణం ఏమిటి? తీరాలు ఇంకెన్నో ఉన్నాయి కదా?

అది అతని సొంత ప్రాంతం. పుట్టింది పారిస్‌లో అయినా ఐదేళ్ల వయసు నుంచి లె హావ్ర్‌లో పెరిగాడు. ఎత్రెతా అక్కడికి 30 కిలోమీటర్ల లోపే. కుర్రతనంలో ఊళ్లో పెద్దమనుషుల కార్టూన్లు వేసి అమ్ముకుంటున్నవాణ్ని ఆరుబయట కూర్చుని రంగులు వేయమని లాక్కెళ్లింది యూజీన్ బూదాన్ అనే చిత్రకారుడు. ఆ గాలి, ఆ అల, ఆ మబ్బు మోనెకు చిన్నప్పటి నుంచే అలవాటు. 1868–69 చలికాలంలో భార్య కాబోయే కమీల్‌తో, పసివాడైన కొడుకు జాఁతో కలిసి ఎత్రెతాలోనే కాపురం పెట్టాడు. మంచులో దడి మీద ఒంటరి పిట్ట కూర్చున్న బొమ్మ ఒకటుంది, పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో జనం గుమిగూడి చూసేది. అది ఆ చలికాలం బొమ్మే.

ఇంకోటి డబ్బు. 1879లో కమీల్ చనిపోయింది. తన పిల్లలు ఇద్దరు, తర్వాత పెళ్లాడిన అలీస్ ఓషెదే పిల్లలు ఆరుగురు, నెత్తి మీద అప్పులు. డ్యురాన్-రుయేల్ అనే డీలర్ 1881 నుంచి మళ్లీ బొమ్మలు కొనడం మొదలుపెట్టాడు. రైళ్లు వచ్చాక పారిస్ డబ్బున్నవాళ్లు సముద్రస్నానాలకు ఈ తీరానికి ఎగబడేవాళ్లు. తాము చూసొచ్చిన చోటు గోడ మీద ఉండాలని కొనేవాళ్లకు కొదవ లేదు. ఆ గిరాకీ మోనెకు బాగా తెలుసు. కానీ చూడండి, అతను ఎక్కువగా వెళ్లింది జనం లేని నెలల్లో: జనవరి, ఫిబ్రవరి, అక్టోబరు, నవంబరు. గొడుగులు, టోపీలు, సీజన్ హడావిడి బొమ్మల్లో పెద్దగా కనబడవు. టూరిస్టు చోటునే వేశాడు, టూరిస్టును వదిలేశాడు.

ఒకే కొండను అన్నిసార్లు ఎందుకు వేశాడు? బోర్ కొట్టలేదా?

అందరూ అడిగేది ఇదే. నా లెక్కలో ఈ బొమ్మలన్నిటికీ కీలకం కూడా ఇక్కడే ఉంది.

ఆ తీరంలో కదలనిది కొండ ఒక్కటే. నీళ్లు రోజుకు రెండుసార్లు ఏడెనిమిది మీటర్లు లేచి దిగుతాయి (అమావాస్య, పౌర్ణముల దరిదాపుల్లో అంత ఉంటుంది). మబ్బులు ఇంగ్లిష్ ఛానల్ మీదుగా పరుగులు పెడతాయి. చలికాలం పగలు చిన్నది, పొద్దు వాలుగా నడుస్తుంది. వీటిని విడిగా బొమ్మ వేయలేం, వెలుగుకు ఆకారం ఉండదు. అది దేని మీదైనా పడాలి. ఆ పడే చోటు కదలకుండా ఉంటేనే వెలుగులో మార్పు ఎంతో తెలుస్తుంది. అందుకే కొండను మార్చకుండా పెట్టుకుని, దాని మీద గడిచే పూటలను వేశాడు. మీరు రెండు ఎత్రెతా బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అంతా కాలానిదే, చోటుది కాదు.

దీన్ని కళ్లారా చూసి రాసినవాడు ఉన్నాడు. కథకుడు గై ద మపాసా ఆ తీరంవాడే. 1886లో ఒక పారిస్ పత్రికలో, ఎత్రెతాలో మోనె వెంట తిరిగిన సంగతులు చెప్పాడు. వెనక పిల్లలు ఐదారు కాన్వాసులు మోసుకుంటూ నడిచేవారట. అన్నిటి మీదా ఒకే దృశ్యం, పూటలే వేరు. ఆకాశం మారగానే మోనె చేతిలోది పక్కన పెట్టి, ఆ వెలుగుకు తగినది అందుకునేవాడు. వెలుగు మళ్లీ పాతదయ్యేదాకా నీడలను కనిపెడుతూ కాచుకుని కూర్చునేవాడు. అప్పుడతను చిత్రకారుడిలా లేడు, వేటగాడిలా ఉన్నాడని మపాసా మాట.

నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు పెట్టి ఏదీ మాడకుండా చూసుకునే వంట ఇది. బోర్ కొట్టే తీరిక ఎక్కడిది? అలీస్‌కు రాసిన ఉత్తరాల నిండా టెన్షనే: ఇవాళ వాన, నిన్నటి ఎండ రాలేదు, పడవలు ఉన్నచోట లేవు, నీటిమట్టం కుదరలేదు, మొదలుపెట్టినవి ఎక్కువైపోయాయి, పూర్తయ్యేలా లేవు.

మరి బొమ్మలన్నీ అక్కడికక్కడే పూర్తి చేసేవాడా?

లేదు. ఈ అపోహను పెంచింది కొంతవరకు మోనేనే, తనకు స్టూడియో ఆరుబయలేనని చెప్పుకోవడం అతనికి ఇష్టం. ఎత్రెతా నుంచి చాలా కాన్వాసులు సగం సగంగా ఇంటికి చేరి, నెలల తర్వాత పూర్తయ్యాయి. వానపడిన రోజుల్లో హోటల్ బ్లాంకే కిటికీలోంచి కింద ఒడ్డున పడవలను వేశాడు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న, పడవలు బయల్దేరే బొమ్మ అలాంటిదే.

అదే మ్యూజియంలో 1882 నాటి పూర్విల్ బొమ్మ ఉంది: గాలికి ఊగే గడ్డి, కొండ అంచున ఇద్దరు ఆడవాళ్లు, కింద తెరచాపలు. ఏదో ఒక్క గాలి విసురులో వేసేసినట్టుంటుంది. ఎక్స్‌రే తీసి చూస్తే, కుడివైపు కొండ మొదట ఇంకా పెద్దగా ఉండేదని, సముద్రం, ఆకాశం తూకం కుదరడానికి తర్వాత దాన్ని తగ్గించాడని తేలింది. తొందరగా వేసినట్టు కనిపించడం కోసం అతను పడిన శ్రమ చాలా ఉంది. దాన్ని మోసం అనడం నాకు అన్యాయం అనిపిస్తుంది. మొదటి చూపులో పట్టుకున్నది చివరిదాకా చెడిపోకుండా చూసుకోవడమే అతని పని.

బొమ్మ వేస్తూ అలలో కొట్టుకుపోయాడంటారు, నిజమేనా?

నిజమే. 1885 నవంబరు 27న అలీస్‌కు తనే రాశాడు. ఆ రోజు మాన్‌పోర్త్ దగ్గర, కొండ కింద గాలి తగలని చోట ఈజిల్ (కాన్వాసును నిలబెట్టే చట్రం) పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు వెనక్కి తీస్తున్నాయనే ధీమాతో ఉన్నాడు. నిజానికి ఆటుపోట్ల పట్టిక చూడటంలో పొరపాటు పడ్డాడు, అప్పుడు వస్తున్నది పోటు. పనిలో మునిగిపోయి ఉండగా పెద్ద అల ఒకటి వచ్చి అతన్ని కొండకేసి కొట్టి, సామాన్లతో సహా నురగలోకి దొర్లించింది. నీళ్లు లాగేస్తుంటే ఇక పోయాననే అనుకున్నాడట. ఎలాగో చేతుల మీద, మోకాళ్ల మీద పాకుతూ బయటపడ్డాడు. బూట్లు, మందపాటి మేజోళ్లు, కోటు అన్నీ తడిసి ముద్ద. చేతిలోని పాలెట్ (రంగులు కలుపుకునే పలక) ముఖానికి కొట్టుకుని గడ్డమంతా నీలం, పసుపు రంగులు. ప్రాణం దక్కింది గానీ వేస్తున్న బొమ్మ నాశనమైంది, ఈజిల్, సంచీ పోయాయి.

ఉత్తరంలో ఎక్కువ బాధ ప్రాణభయం గురించి కాదు, బొమ్మ పోయినందుకు, సామాన్లు లేక మర్నాడు పని ఆగినందుకు. అంతటితో భయపడి మానేశాడా అంటే, 1886 ఫిబ్రవరిలో మళ్లీ ఎత్రెతాలోనే ఉన్నాడు.

ఆ కొండలను మోనె కంటే ముందు ఎవరూ వేయలేదా?

వేశారు. దెలాక్రువా నీటిరంగులతో వేశాడు, బూదాన్ వేశాడు. అందరికంటే మోనెకు గుబులు పుట్టించింది గుస్తావ్ కూర్బే. అతను 1869లో ఎత్రెతాకు వచ్చి, తుఫాను వెలిశాక కొండ ఎలా ఉందో ఒక పెద్ద కాన్వాసు వేసి 1870లో పారిస్ సలోన్‌కు, అంటే అప్పటి అధికారిక చిత్ర ప్రదర్శనకు, పెట్టాడు. అది ఇప్పుడు ఓర్సేలో ఉంది. 1883లో ఎత్రెతా చేరగానే, కూర్బే అంత బాగా వేశాక తాను అదే కొండను ముట్టుకోవడం పెద్ద సాహసమేననీ, అయినా వేరేగా వేసి చూస్తాననీ మోనె అలీస్‌కు రాశాడు.

ఆ వేరే ఏమిటో రెండూ పక్కపక్కన చూస్తే తెలుస్తుంది. కూర్బే కొండకు బరువుంది. రంగును కత్తితో పూసి రాయి గరుకుతనాన్ని తెచ్చాడు, తడితే చేతికి తగులుతుందేమో అనిపిస్తుంది. మోనె కొండకు ఆ బరువు లేదు, కావాలని తీసేశాడు. వెలుగు బాగా పడిన చోట కొండ ఏదో, గాలి ఏదో విడదీయలేం. గట్టి రాయిని చూడాలనుకునేవాళ్లకు కూర్బేనే నచ్చుతాడు, అందులో తప్పేం లేదు.

ఒక్క బొమ్మను దగ్గరగా చూడాలంటే ఏది చూడాలి? ఎలా?

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని 1883 నాటి మాన్‌పోర్త్. మరీ పెద్దదేం కాదు, 65 సెంటీమీటర్ల ఎత్తు, 81 వెడల్పు. కమాను కాన్వాసునంతా ఆక్రమించి ఉంటుంది. కొండ పూర్తిగా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో మనకు చూపించడు, పైన కోసేశాడు.

ముందు కమాను కింద చూడండి. రెండు చిన్న గీతలు, మనుషులు. అవి కంటపడేదాకా కొండ ఎంత పెద్దదో తెలియదు. పడ్డాక గుండె ఝల్లుమంటుంది. తర్వాత రాతి మీదకు రండి. సుద్ద పొరలు అడ్డంగా ఉంటాయి కాబట్టి కుంచె గీతలూ అడ్డంగానే నడుస్తాయి. ఎండ తగిలిన చోట గులాబీ, లేత పసుపు, నీడలో నీలం, ఊదా. ఎక్కడా ఉత్త బూడిదరంగు పులిమి వదిలేయలేదు. నీళ్ల దగ్గరికొచ్చేసరికి కుంచె నడక మారిపోతుంది. చిన్న చిన్న వంపు గీతలు, పచ్చ మీద తెలుపు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ. రాయికి ఒక చేతిరాత, నీటికి ఇంకొకటి.

అదే మ్యూజియంలో 1886 నాటి మాన్‌పోర్త్ కూడా ఉంది, నిలువు కాన్వాసు. అందులో రాయి దాదాపు కరిగిపోయింది. మూడేళ్లలో ఎంత దూరం వెళ్లాడో చూడ్డానికి అంతకంటే మంచి జత దొరకదు.

దగ్గరికెళ్తే అంతా గీతలే, పూర్తికానట్టుంటుంది. కళ్లజబ్బు వల్ల అలా వేశాడా?

కాదు. కంటిలో శుక్లాలున్నాయని డాక్టర్లు చెప్పింది 1912లో, ఆపరేషన్ జరిగింది 1923లో. కొండల కాలంలో చూపుకేం ఢోకా లేదు. ఆ గీతలు కావాలని వేసినవే. మూడు నాలుగు అడుగులు వెనక్కి నడిచి చూడండి.

ఏ రంగులు వాడేవాడు? నలుపు వాడలేదంటారు?

తొలినాళ్లలో వాడాడు. 1880లకు వచ్చేసరికి నలుపును దాదాపు వదిలేసి, నీడలకు నీలం, ఊదా, ముదురు ఆకుపచ్చ కలిపేవాడు. తన పాలెట్ గురించి 1905లో డ్యురాన్-రుయేల్‌కు రాసిన ఉత్తరంలో జాబితా చాలా చిన్నది: సీసపు తెలుపు, కాడ్మియం పసుపు, వెర్మిలియన్ ఎరుపు, ముదురు మ్యాడర్, కోబాల్ట్ నీలం, ఎమరాల్డ్ ఆకుపచ్చ, అంతే. రంగులు వాడటం తెలియడమే ముఖ్యం, ఏ రంగు ఎంచుకోవడం అన్నది అలవాటు మీద ఉంటుంది అన్నట్టు తేల్చేశాడు.

అసలు ఆరుబయట ఆయిల్ రంగులతో పని జరగడమే తగరం ట్యూబు పుణ్యం. జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు 1841లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకు ముందు పంది మూత్రాశయం తిత్తుల్లో రంగు కట్టుకుని వెళ్లేవాళ్లు, పొడిచి పిండుకుంటే మళ్లీ సరిగా మూతపడేది కాదు. ట్యూబు లేకపోతే మాన్‌పోర్త్ కింద ఈజిల్ ఉండేదే కాదు. బయట వేశాడనడానికి ఇంకో సాక్ష్యం ఇసుక. 1870లో త్రూవిల్ ఒడ్డున వేసిన ఒక బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, రంగులో ఇసుక రేణువులు ఇప్పటికీ అతుక్కునే ఉన్నాయి.

బొమ్మను బట్టి అది ఏ రోజు, ఎన్ని గంటలకు అని చెప్పొచ్చా?

ఒక్కదాని విషయంలో చెప్పారు. నార్త్ కరోలినా రాష్ట్రం, రాలీలోని ఆర్ట్ మ్యూజియంలో ఎత్రెతా పొద్దుగుంకే బొమ్మ ఉంది: పోర్త్ దావాల్, దాని వెనక సూది మొన, పక్కనే దిగిపోతున్న సూర్యుడు. టెక్సస్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త డోనల్డ్ ఓల్సన్ తన బృందంతో ఎత్రెతాకు వెళ్లి దీని లెక్క తీశాడు.

ముందు మోనె ఎక్కడ కూర్చున్నాడో పట్టుకున్నారు. ఒడ్డున నడుస్తుంటే కమాను వెనక సూది జరుగుతూ కనిపిస్తుంది. బొమ్మలో ఉన్నట్టు సరిగ్గా కనబడే చోటు ఒక్కటే. అక్కడి నుంచి సూర్యుడు బొమ్మలో ఉన్న వైపు దిగేది ఏ రోజుల్లో అని చూస్తే ఫిబ్రవరి మొదటి వారం తేలింది. 1883లో మోనె అక్కడే ఉన్నాడు, రోజూ అలీస్‌కు ఉత్తరాలు రాస్తున్నాడు. ఆ ఉత్తరాలు, అప్పటి వాతావరణం రికార్డులు, బొమ్మలో నీటిమట్టం అన్నీ జల్లెడ పడితే మిగిలింది 1883 ఫిబ్రవరి 5, సాయంత్రం 4 గంటల 53 నిమిషాలు.

నిమిషం దాకా నమ్మాలా అని అడగొచ్చు. ఆ కాన్వాసు ఒక్క నిమిషంలో పూర్తి కాలేదు, కాదు కూడా. అది సూర్యుణ్ని పెట్టిన క్షణం లెక్క, బొమ్మ పూర్తయిన సమయం కాదు. అయినా మోనె కళ్లు ఎంత నికరంగా చూశాయో దీంతో తెలుస్తుంది. ఇష్టం వచ్చినట్టు సూర్యుణ్ని పెట్టి ఉంటే ఈ లెక్క కుదిరేదే కాదు.

పూర్విల్, వారాంజ్‌విల్ బొమ్మలకూ ఎత్రెతా బొమ్మలకూ తేడా ఏమిటి?

ఎత్రెతాలో ఎక్కువగా కింద నుంచి పైకి చూస్తాం. పూర్విల్, వారాంజ్‌విల్ వైపు కొండ మీద నిలబడి కిందికి చూస్తాం. కమానుల్లాంటి వింతలు అక్కడ లేవు. గడ్డి, అంచు, నీళ్లు, అంతే. ఆ అంచు దగ్గర పచ్చగడ్డి తెగిపోయి ఒక్కసారిగా సముద్రం కనిపించడం, మధ్యలో దూరాన్ని చూపించకపోవడం, అక్కడ జపాన్ చెక్కబొమ్మల అచ్చుల ప్రభావం ఉంది. మోనె వాటిని పోగుచేసేవాడు.

వారాంజ్‌విల్‌లో అతని కన్ను పడింది ఒక రాతి గుడిసె మీద. నెపోలియన్ కాలంలో దొంగరవాణా మీద నిఘాకు కట్టినది, మోనె కాలానికి జాలర్లు సామాన్లు దాచుకునేవాళ్లు. 1882లో దాన్ని డజనుకు పైగా కాన్వాసుల్లో వేశాడు. ఒకదాంట్లో గుడిసె అంచున వేలాడుతుంది, ఇంకోదాంట్లో గడ్డిలో మునిగి కప్పు మాత్రం కనబడుతుంది. ఇంత చిన్న గుడిసె అంత సముద్రానికి ఎదురు నిలబడటం చూస్తే, మాన్‌పోర్త్ కన్నా ఇదే మనసుకు పడుతుంది కొందరికి. నేనూ ఆ కొందరిలోనే.

పూర్విల్‌లో బస పాల్ గ్రాఫ్ అనే అతని హోటల్లో. అతని చేతి వంట మోనెకు ఎంత నచ్చిందంటే మొగుడూ పెళ్లాలిద్దరి బొమ్మలూ వేశాడు, అతను చేసే గాలెత్‌లనూ (గుండ్రటి ఫ్రెంచి పిండివంట) ఒక కాన్వాసు మీద పెట్టాడు.

బెల్-ఈల్ బొమ్మలు కూడా వీటిలోకే వస్తాయా?

చుట్టాలే గానీ ఒకే ఇల్లు కాదు. బెల్-ఈల్ ఫ్రాన్సులోనే బ్రిటనీ ప్రాంతపు తీరానికి ఎదురుగా అట్లాంటిక్‌లో ఉన్న దీవి. 1886 సెప్టెంబరులో కొద్దిరోజులకని వెళ్లి నవంబరు దాకా ఉండిపోయాడు, 40కి కాస్త అటూ ఇటూగా కాన్వాసులు తెచ్చాడు. అక్కడి రాళ్లు నల్లనివి, ముళ్లలా పొడుచుకొచ్చినవి. తెల్లటి సుద్దకు అలవాటుపడ్డ చేతికి అది కొత్త పరీక్ష. గాలికి ఈజిల్‌ను తాళ్లతో, రాళ్లతో కట్టుకుని వేశాడు. సామాన్లు మోసిన పోలీ అనే జాలరి బొమ్మ కూడా వేశాడు.

గడ్డివాముల సీరీస్‌కు మొదలు ఇక్కడే అనొచ్చా?

అనొచ్చు, కాస్త జాగ్రత్తగా. ఒకే వస్తువు, వేర్వేరు పూటలు అనే పద్ధతి ఎత్రెతాలోనే చేతికి అలవాటైంది. కానీ అప్పట్లో ఒక్కో కాన్వాసును విడిగా అమ్ముకున్నాడు, అన్నీ కలిపి ఒకే గదిలో పెట్టి చూపించాలనే ఆలోచన తర్వాతది. 1891 మేలో డ్యురాన్-రుయేల్ గ్యాలరీలో 15 గడ్డివాములు ఒకేచోట వేలాడదీశాడు. 1895లో రూఆన్ కెథీడ్రల్‌వి 20.

ఆ అనుభవంతో 1896, 1897ల్లో మళ్లీ పూర్విల్ వెళ్లాడు. పాత గుడిసె దగ్గరికే, దియెప్ పక్క కొండల దగ్గరికే. ఈసారి బొమ్మల్లో గాలి విసురు తగ్గింది. పొగమంచు, లేత ఊదా, లేత ఆకుపచ్చ. కొండ, నీళ్లు, ఆకాశం మధ్య గీత చెరిగిపోతుంది. వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్‌లో దియెప్ దగ్గరి ఒక ఉదయం బొమ్మ ఉంది. పుస్తకంలో చూస్తే వెలిసిపోయినట్టుంటుంది, ఎదురుగా చూస్తే లోపలి నుంచి వెలుగుతున్నట్టుంటుంది. వీటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. కలువల బొమ్మలకు దారి వేసింది ఇవేనని నా నమ్మకం.

ఈ బొమ్మలు దొంగలు ఎత్తుకెళ్లారని విన్నాం.

ఒకటి కాదు. 1897 నాటి దియెప్ కొండల బొమ్మ నీస్ మ్యూజియం నుంచి 1998లో పోయి దొరికింది, 2007లో మళ్లీ పోయింది, 2008లో మార్సెయ్‌లో మళ్లీ దొరికింది. పోలండ్‌లోని పోజ్నాన్ నేషనల్ మ్యూజియంలో 1882 పూర్విల్ ఒడ్డు బొమ్మను 2000లో ఒకడు ఫ్రేములోంచి కోసి తీసి, అట్టముక్క మీద వేసిన నకలు దాని స్థానంలో పెట్టి వెళ్లాడు. అసలుది 2010లో దొరికింది.

ఎక్కడ చూడొచ్చు? అందరం పారిస్ వెళ్లలేం కదా.

పారిస్ కన్నా అమెరికాలోనే ఎక్కువ. డ్యురాన్-రుయేల్ 1886లో న్యూయార్క్‌లో ప్రదర్శన పెట్టాక అక్కడి ధనవంతులు ఎగబడి కొన్నారు, తర్వాత మ్యూజియాలకు ఇచ్చారు. కాబట్టి న్యూజెర్సీలో అమ్మాయి దగ్గరికో, షికాగోలో అబ్బాయి దగ్గరికో వెళ్లే తల్లిదండ్రులకు ఇది అందుబాటు వ్యవహారమే. న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్, షికాగోలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ (మోనెవి 30కి పైగా ఉన్నాయి). రాలీ, కేరీ వైపు తెలుగువాళ్లు చాలామందే, అక్కడి మ్యూజియం సొంత కలెక్షన్ చూడటానికి టికెట్ కూడా లేదు. మసాచుసెట్స్‌లో క్లార్క్ ఇన్‌స్టిట్యూట్‌లో 1885 ఎత్రెతా ఉంది. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు బర్మింగ్‌హామ్ బార్బర్ ఇన్‌స్టిట్యూట్‌లో వారాంజ్‌విల్ చర్చి బొమ్మ. ఫ్రాన్సులోనైతే ఓర్సే, లియాన్ మ్యూజియం.

వెళ్లే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ బొమ్మ ప్రస్తుతం గోడ మీద ఉందో లేదో చూసుకోండి. మోనె బొమ్మలు ప్రదర్శనలకు అరువు వెళ్తూనే ఉంటాయి.

ఎత్రెతా వెళ్లాలనుకుంటే?

పారిస్ సెయింట్ లజార్ స్టేషన్ నుంచి రైల్లో లె హావ్ర్‌కు రెండు గంటల పైన, అక్కడి నుంచి బస్సు. చిన్న ఊరు, జనాభా 1,500 కూడా ఉండదు. వేసవిలో జనం మాత్రం తిరునాళ్లే. పారిస్ నుంచి పగటి టూర్లు తీసుకొచ్చేది సరిగ్గా మధ్యాహ్నం, వెలుగు చదునుగా ఉండే వేళకు. వీలైతే ఒక రాత్రి ఉండండి, సాయంత్రం, తెల్లవారుజామున చూడండి. కొండ అంచుకు మరీ దగ్గరగా వెళ్లొద్దు, సుద్ద ఇప్పటికీ విరిగి పడుతూనే ఉంది. కమానుల కింద నడవాలంటే ఆటుపోట్ల వేళలు కనుక్కుని వెళ్లండి, ఏటా ఎవరో ఒకరు చిక్కుకుపోతుంటారు. గులకరాయి ఒక్కటైనా జేబులో వేసుకోకూడదు, జరిమానా ఉంది.

వారాంజ్‌విల్‌లో గుడిసె ఇప్పుడు లేదు. చర్చి ఉంది, కొండ అంచున. చిత్రకారుడు బ్రాక్ సమాధి ఆ చర్చి ఆవరణలోనే.

ఇంట్లో గోడకు ఒక ప్రింట్ పెట్టుకోవాలంటే?

మోనె పోయి వందేళ్ల దాకా అవుతోంది, బొమ్మల మీద కాపీరైట్ లేదు. మెట్రోపాలిటన్, షికాగో మ్యూజియాలు పెద్ద సైజు ఫొటోలను తమ వెబ్‌సైట్లలో ఉచితంగా ఇస్తున్నాయి, అవే దించుకోండి. గూగుల్‌లో మొదట కనిపించేవాటిలో చాలావాటికి రంగులు దట్టించేశారు, నీలం కొట్టొచ్చినట్టుంటే అనుమానించండి. మెరిసే పేపరు వద్దు, మ్యాట్ పేపరు మీద వేయించండి. అసలు కాన్వాసు కొలతకే వేయిస్తే మంచిది. ట్యూబులైటు ఎదురుగా కాకుండా కిటికీ పక్క గోడకు తగిలించండి, నేరుగా ఎండ మాత్రం పడనివ్వద్దు, ప్రింటు వెలిసిపోతుంది.